రైలు కదిలేసరికి

నిన్ను అనడం లేదు రుతీలియో, కూర్చో. ఆ రైలునే అంటున్నాను. నాలుగు చినుకులు పడితే చాలు, ఎక్కడ ఆగుతుందో దానికే తెలీదు. మరి ఊరికి ఈ చివర ఇస్తపలాపాలో ఉండేవాళ్ళకి వేరే దారేముంది చెప్పు? ఆ రోజు రోడ్డంతా మోకాలి లోతు నీళ్ళు. టాక్సీవాడు రానన్నాడు.

పెద్దాసుపత్రి నుంచి ఫోనొచ్చేసరికి మా యరెత్సి తల దువ్వుకుంటోంది. "అమ్మా, కిడ్నీ దొరికిందట. వెంటనే రమ్మంటున్నారు." సగం దువ్విన తలతోనే లాక్కొచ్చాను. ఏళ్ళ తరబడి డయాలసిస్ మీద ఉన్న పిల్ల, మెట్రో మెట్లు నాకంటే ముందు దిగిపోయింది.

రెండు స్టేషన్ల మధ్య, సొరంగంలో రైలు ఆగింది. లైట్లు పోయాయి.

మొదట అందరూ నవ్వారు. "డ్రైవరుకి ఆకలేసినట్టుంది, టాకోలు తిని వస్తాడులే" అన్నాడొకడు. బబుల్‌గమ్ అమ్మే ఆవిడ ఆ చీకట్లోనే అమ్ముకుంటోంది. కాసేపట్లో బయల్దేరుతుందని మైకులో చెప్పారు. మళ్ళీ అదే చెప్పారు. మళ్ళీ.

లోపల ఫోను పలకదు కదా. ఆసుపత్రివాళ్ళు చేస్తూనే ఉన్నారట.

"దిగి పట్టాల మీద నడుద్దామా అమ్మా?" అంది. తలుపు ఎలా తెరవను? అప్పుడు అరిచి చెప్పాను పెట్టెలో అందరికీ, మా అమ్మాయికి కిడ్నీ పెట్టాలి, అక్కడ ఎదురు చూస్తున్నారు అని. పాపం, ఎంత మంచివాళ్ళనుకున్నావు. లేచి చోటిచ్చారు. అట్టముక్కతో విసిరారు. తలుపు దాకా దారి చేసి నిలబడ్డారు. దారి ఇవ్వగలరు గానీ, రైలుని కదిలించలేరుగా.

ఆ కిడ్నీ మీ ఇద్దరిలో ఎవరికైనా సరిపోతుందన్నారు. ముందు పేరు మా అమ్మాయిది. అది వేళకి రాకపోతే నీది. నీ ఇల్లు ఆసుపత్రికి దగ్గర. అందులో నీ తప్పేముంది?

చివరికి రైలు కదిలి, మేం తడుస్తూ వెళ్ళేసరికి నర్సు మా మొహం చూసి తల దించుకుంది. "ఎక్కడికెళ్ళిపోయారు సెన్యోరా? ఇంక ఆగలేకపోయాం." నువ్వప్పటికే లోపలున్నావు.

వరండాలో మీ అమ్మ జపమాల పట్టుకుని కూర్చుంది. నేనెవరో ఆవిడకి తెలీదు. నా చెయ్యి పట్టుకుని, "మా వాడి కోసం నాతోపాటు ప్రార్థన చెయ్యండి, ఒక్కదాన్నే ఉన్నాను" అంది. ఏం చెయ్యను? చేశాను. మనస్ఫూర్తిగా చేశానా అని మాత్రం అడగకు.

ఇంకో ఫోను ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. రేపు మళ్ళీ డయాలసిస్. మళ్ళీ ఆ రైలే.

ఏడవకు నాయనా. ఇదిగో, నీళ్ళు తాగు. నిన్ను బాగా తాగమన్నారటగా డాక్టర్లు.

కాస్త చప్పుడు కాకుండా తాగు, అంతే. యరెత్సి పక్క గదిలోనే ఉంది. దానికి మాత్రం రోజుకి ఒక్క గ్లాసే ఇమ్మన్నారు.