రోజుకు అర గింజ

2009, రాయగడ. టోకు కిరాణా వ్యాపారి సోమేశ్వరరావుగారి వంటిల్లు. కోడలు విజయదుర్గ బంగారం తూచే చిన్న కాటా ముందు పెట్టుకుని కూర్చుంది. పనిమనిషి తవిటమ్మ వేయించిన వేరుసెనగ గింజల పొట్టు తీస్తోంది. బస్తాలకు బస్తాలు వేరుసెనగ అమ్మే ఇంట్లో, ఏడేళ్ల మనవరాలు బిందుశ్రీ చేత అర గింజ తినిపించడానికి రోజూ ఇంత తతంగం.

"ఇంకాస్త గీరు తవిటమ్మా. అర గింజ అంటే అర గింజే. ముల్లు దాటిపోతోంది."

"ఓలమ్మ, ఈ పిసరుకేటవుద్దమ్మగారూ?"

"ఈ పిసరుకే కదా పోయినేడు పిల్ల ప్రాణం మీదకొచ్చింది. చట్నీలో ఇంతకంటే ఎక్కువేం పడలేదు."

"మరి ఇసమని తెలిసీ అదే పెట్టడవేటి? ఇదేటి వైద్దెం?"

"అదే వైద్యం. విశాఖ డాక్టరు మొదట ఆస్పత్రిలో కూర్చోబెట్టి, కంటికి కనపడనంత పిండి పెట్టేడు. పదిహేను రోజులకోసారి వెళ్తే అక్కడే కొంచెం పెంచుతాడు. ఇంటి దగ్గర ఆ కొలతే రోజూ. ఒంటికి అలవాటు చేస్తారన్నమాట."

"అలగైతే నయమైపోద్దా?"

"నయమైపోతుందని చెప్పలేదు. పొరపాటున నోట్లో పడితే చచ్చిపోకుండా ఉంటుందన్నాడు. కొత్త వైద్యం, పూచీ లేదని సంతకం కూడా పెట్టించుకున్నాడు. అమ్మీ, బిందూ! ఇలా రా, నుదురు చూడనీ. జ్వరం లేదు, మంచిది. ఈ అరటిపండు తిను."

"దాన్లో గింజ పెట్టేవు."

"పెట్టేను. తిను."

"నాలిక దురదేస్తాది."

"వేస్తే చెప్పు. ఇక్కడే నా పక్కన కూర్చుని బొమ్మలేసుకో. రెండు గంటలు గెంతులు లేవు. తవిటమ్మా, ఆ సూదిమందు డబ్బా ఇలా అందుకో, ఊపిరందకపోతే వెంటనే పొడవాలి."

"ఇదిగో. అమ్మగారూ, ఒకటడగనా?"

"అడుగు."

"అప్పుడు బిందమ్మకి ముందేటయింది? కళ్లు వాసేయా, మూతి వాసిందా?"

"నువ్వు చూసేవు కదా?"

"నాను అంట్లకాడున్నాను. వచ్చేసరికి మీ అత్తగారు నన్ను లోనికి రానివ్వలేదు."

"ముందు మూతే. తరవాత ఒళ్లంతా దద్దుర్లు. కక్కుకుంది. గొంతు బొంగురుపోయి పిల్లికూతలొచ్చేయి. ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ అడగరు."

"ఎంతసేపట్లో అయిందమ్మా?"

"పావుగంట పట్టలేదు. ఏమిటి సంగతి?"

"ఊరికేనమ్మా. జొరవొచ్చినా అలగవుద్దా?"

"జ్వరానికి మూతి వాయదు."

"పామో తేలో ముడితే?"

"కరిస్తే గాటుంటుంది కదా."

"గాటు లేదు."

"ఎవరికి?"

"ఎవరికేటి, మాటొరసకన్నాను."

"తవిటమ్మా, ఎవరికి?"

"మా కుంతికి."

"నీకు ఒక్కడే కొడుకన్నావు?"

"ఇప్పుడొక్కడే. కకిరిగుమ్మలో ఉన్నప్పుడు మాకో ఆడగుంట. మా యాయన అప్పుడు రైలుపట్టాల కూలి. పదమూడేళ్లయిపోనాది. గుంటకి ఐదేళ్లు. సెనగ్గింజలు తిన్నాది, దాహమన్నాది. నాను నీళ్లట్టుకొచ్చేసరికి మూతి ఇంతయిపోనాది. కక్కింది. ఊపిరి మీరు సెప్పినట్టే, పిల్లి కూసినట్టు. అచ్చం మీరు సెప్పినట్టే."

"అయ్యో."

"అయ్యో అనకండి. కాదని సెప్పండమ్మగారూ. సెనగ్గింజలు తినని మనిసెవరు? అంతకుముందూ ఒకపాలి తిన్నాది, ఏటీ అవలేదు."

"ఏమీ అవలేదా?"

"మూతిసుట్టూ దద్దుర్లేసేయి. సీమ కుట్టిందనుకున్నాం."

"అమ్మీ, ఇలా తిరుగు, నీ మూతి చూడనీ."

"ఏటమ్మగారూ, సెప్పండి."

"బిందుకీ మొదటిసారి అంతే. మేమూ చీమనే అనుకున్నాం."

"అయితే గింజలే."

"చూడకుండా డాక్టరైనా ఖాయంగా చెప్పలేడు. కానీ గింజలే అయ్యుంటాయి తవిటమ్మా."

"ఈ సూదుంటే బతికీదా?"

"ఏమో. బతికేదేమో."

"గింజలే. మనిసి కాదు."

"మనిషేమిటి?"

"ఏటీ లేదు. ఈ పొట్టెక్కడ పారీను?"

"పొట్టు సంగతి తరవాత. కూర్చో. నీ మనసులో ఏదో ఉంది. అప్పుడు అత్తయ్య నీ కన్ను తగిలిందని నెల్లాళ్లు నిన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. అదేనా? పెద్దావిడ, తెలీక అంది. నేనూ నోరు విప్పలేదు. తప్పే."

"అదేం కాదమ్మా. మీకు డాక్టరు దొరికేడు. అందికే నా పళ్లు నాకున్నాయి."

"పళ్లేమిటి?"

"సిల్లంగి పెట్టే సేతబడోళ్లకి పళ్లూడగొడతారు కదమ్మా. పళ్లు లేపోతే మంత్రం పలకదంట."

"ఛీ, ఎవరికి చేసేరు అలాంటి పని?"

"మా కుంతికి గింజలెట్టిందానికి. టేసన్లో బుట్టెట్టుకుని అమ్ముకునీది. దానికి పిల్లల్లేరు. కుంతి కనబడితే సాలు, దోసెడు తీసి ఒళ్లో పోసీది. గొడ్రాలి కన్ను, గుంట మీద సిల్లంగి పెట్టీసిందన్నారు. మంత్రగాడూ అదే మాటన్నాడు."

"ఎవరావిడ?"

"ఎవరైతేనేటిలెండి."

"పేరు లేదా?"

"పుణ్యవతి."

"మీ బంధువా?"

"బిందమ్మ గెడ్డానికి అరటిపండంటింది, తుడవండి."

"తవిటమ్మా."

"మా యప్ప."

"సొంత అక్కా?"

"ఒక్క కడుపున పుట్టేం. మా యమ్మ పోతే నన్ను సంకనేసుకుని తిరిగింది. దాని కూడు నాకెట్టి అది గెంజి తాగీది."

"అమ్మా, తవిటత్త ఏడుస్తోంది."

"నువ్వు బొమ్మేసుకో అమ్మీ. నీకు దురదేం లేదు కదా?"

"లేదు."

"పుణ్యవతి ఉందా ఇప్పుడు?"

"ఉన్నాది. ఊర్నుంచి తరివేసేరు. కొట్పాడ్ సంతలో అడుక్కుంటాదని ఎవరో సెప్పేరు. ఏటి మాటాడుద్దో తెలీదంట, నోరంతా లోనికెళ్లిపోనాదంట."

"పదమూడేళ్లలో ఒక్కసారీ చూడలేదా?"

"నా గుంటని తినీసిందని తిట్టుకుంటా బతికేను. అదొక్కటే ఆసరా."

"అయితే వెళ్లు. ఈవేళే బస్సెక్కు, అంట్లు నేను తోముకుంటాను. కాళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చుకో. నీ తప్పేం లేదప్పా, జబ్బు అని చెప్పు."

"ఏ మొకమెట్టుకుని ఎల్లను?"

"నీ మొహానికేమైంది? పిల్లని పోగొట్టుకున్నదానివి. ఊరివాళ్లు చేసిన పాపానికి నువ్వేం చేస్తావు?"

"ఊరోళ్లు సెయ్యలేదమ్మా."

"మరి?"

"ఊరోళ్లు దాని సేతులట్టుకున్నారంతే. కన్నతల్లి కొడితేనే సిల్లంగి ఇరుగుద్దన్నాడు మంత్రగాడు. 'గింజలే ఎట్టేనే సెల్లీ, ఒట్టు, గింజలే' అని నాకేసి సూసి అంటానే ఉన్నాది. నాను రాయెట్టి కొడతానే ఉన్నాను."