వసారాలో ఆగిన జవాబు

"నా వ్యాసం పనికొచ్చింది, నేను పనికిరాలేదా? సిగ్గులేని మనుషులు మీరు!"

పందొమ్మిదో శతాబ్దం చివర, లండన్‌లో ఓ శాస్త్ర సంఘం వసారాలో ఆవిడ కాలు నిలవక తిరుగుతోంది. ఆడవాళ్లకు సభలో ప్రవేశం లేదు గనుక, ఆవిడ రాసిన సముద్రనాచు వ్యాసాన్ని లోపల కార్యదర్శే చదివి, చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు.

"మెల్లగా అమ్మా! ఆ ఎర్రనాచు చలికి ఎందుకు చావదని అధ్యక్షులవారు అడుగుతున్నారు. జవాబు రాకపోతే అచ్చువేయరట."

"మీరు చెప్పలేకపోయారా?"

"నేను నత్తల మీద పరిశోధించే మనిషిని, నాచు సంగతి నాకేం తెలుసు? చెవిలో ఊదండి, వెళ్లి అప్పజెప్తాను."

"ఇంకో ప్రశ్న వేస్తే?"

"మళ్లీ పరిగెత్తుకొస్తాను. నిబంధన అమ్మా, నేనేం చేయను?"

చెప్పేస్తే వ్యాసం అచ్చవుతుంది, తను మాత్రం ఎప్పటికీ వసారాలోనే. నోటిదాకా వచ్చిన జవాబును ఆవిడ మింగేసింది.

"జవాబూ నేనూ విడివిడిగా రాము. తలుపు తెరవండి!"