రాజుగారి గడ్డం ఎత్తుకుపోయిన ఎలకలు

"ఆ పెట్టె ఎన్నిసార్లు తిరగేస్తే ఏం లాభంరా? గడ్డం ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. బాబాయ్, అందరికీ టీ పొయ్యి. ఇది ఒక గుక్కలో చెప్పే సంగతి కాదు."

సాయంత్రం నాటకం. రాజు గడ్డం వేషాల పెట్టెలో లేదని మధ్యాహ్నం తేలింది. రిహార్సల్ హాలు ఎదుట టీకొట్టులో అందరూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మాట్లాడుతున్నవాడు భటుడి వేషగాడు. వయసంతా బల్లెం పట్టుకుని సింహాసనం పక్కన నిలబడ్డవాడు. రాజు వేషం కట్టే పెద్దాయన బెంచీ చివర, పళ్ళు లేక లోపలికి పోయిన దవడని తువ్వాలుతో కప్పుకుని కూర్చున్నాడు. ఆ గడ్డం లేకుండా ఆయన ఎన్నడూ స్టేజీ ఎక్కలేదు.

"మా ఇంట్లో ఎలకలున్నాయి కదా. మొన్న బియ్యం డబ్బా మీద ఒకటి కనబడింది. మా ఆవిడ మంచమెక్కింది. నేను చెప్పు తీసి ఒక్కటేశాను. చచ్చింది."

"మంచమెక్కింది మీ ఆవిడా, నువ్వా?" అన్నాడు హార్మోనియం మామ.

"నీ తిత్తి కాసేపు ఆపు మామా! ఆ చచ్చింది వాళ్ళ సేనాపతట, నాకేం తెలుసు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు నేను పళ్ళు తోముకుంటుంటే వంటింటి తూములోంచి వరసగా కవాతు చేసుకుంటూ వచ్చాయి. ఒక్కోటి పిల్లంత. పిల్లంతేమిటి, మా వీధి పిల్లి వాటిని చూసి కొత్త కోడల్లా తలొంచుకుని గోడవార నిలబడిపోయింది!"

"ఎన్నుంటాయేమిటి?" అన్నాడు టీకొట్టు బాబాయి.

"లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాడు యుద్ధమేం చేస్తాడు? చీపురందుకున్నాను. నేను తిప్పిన తిప్పుడు గాలికి పక్కింటివాళ్ళ తడిబట్టలు ఆరిపోయాయి, ఇప్పటికీ కనిపిస్తే దణ్ణం పెడతారు. అప్పుడు దిగాడయ్యా ఎలకల రాజు, దూడంత! ఎలా దిగాడు? మన రాజుగారి గడ్డం పెట్టుకుని దిగాడు! పెట్టెకి కన్నం వేసి పట్టుకుపోయార్రా దొంగ వెధవలు!"

"రేకు పెట్టెకి కన్నమా? నాకెక్కడా కనబడలేదే," అన్నాడు మేకప్ మాస్టారు.

"ఎలా కనబడుతుంది? పనయ్యాక కన్నానికి రేకు మాటు వేసి మరీ పోయారు! సరే, వాడు గడ్డంతో సహా కలుగులో దూరాడు. నేనూరుకుంటానా? తల పెట్టాను, భుజాలు పట్టాయి, మనిషినంతా దూరిపోయాను. లోపల ఏముందనుకున్నారు? నాటకశాల! మన హాలుకి పదింతలు. తెర, దీపాలు, ఈలలు, హౌస్‌ఫుల్లు! వాళ్ళ రాజు నా కాళ్ళ మీద పడి, అయ్యా, ఈ గడ్డం మోసే మొహం నాది కాదు, మీదే అని తనే తీసి నాకు పెట్టాడు. మొదటి డైలాగుకే వన్స్‌మోరు! రెండోదానికి కలుగు పైకప్పు లేచిపోయింది..."

అంతవరకూ అరుస్తున్న గొంతు ఉన్నట్టుండి తగ్గింది.

"అసలు ఆ గడ్డం సంగతి మీకెవరికీ తెలీదురా. పెట్టుకోగానే వెన్ను దానంతటదే నిటారవుతుంది. గుండెల మీద వెచ్చగా ఉంటుంది. ఇలా చెయ్యి పోనిచ్చి, కాస్త పక్కకి తిరిగి అద్దంలో చూసుకుంటే, వీడు ఇన్నాళ్ళూ బల్లెం మోసినవాడేనా అనిపించింది..."

పెద్దాయన మొదటిసారి నోరు విప్పాడు. "తమ్ముడూ, కలుగులో అద్దం ఎవరు పెట్టార్రా?"

ఎవరూ నవ్వలేదు.

"అంత నాటకశాల కట్టినవాళ్ళు, అద్దం ఒక లెక్కా అన్నా..." అన్నాడు భటుడు. చొక్కా లోపల్నించి కాగితం పొట్లం తీసి బెంచీ మీద పెట్టాడు. విప్పితే సగం గడ్డం. మిగతా సగం పీచుపీచుగా కొరికేసి ఉంది.

"జిగురు సీసా మాస్టారి దగ్గరుంటుంది. అడిగితే ఎందుకంటారు. అందుకని ఇంటికి పట్టుకెళ్ళి, మైదా ఉడకేసి అంటించుకున్నాను. తీసి గూట్లో పెట్టాను. ఎలకలు ఆ మైదాకి మరిగి..."

"నన్నడిగి పెట్టుకుంటే నీ సొమ్మేం పోయేదిరా?" అని కసిరాడు పెద్దాయన.

"నవ్వుతారని. మా ఆవిడకి ఒక్కసారి చూపిద్దామని, అంతే."

"చూసి ఏమంది?"

భటుడు టీగ్లాసు కింద పెట్టాడు. "బాగుంది, ఎవరిది? అంది."

పెద్దాయన తువ్వాలు మెడలోకి జార్చి, ఆ ముక్కని దవడకి ఆనించి చూసుకున్నాడు. ఒక చెంపకే వచ్చింది. పొట్లం కట్టి మాస్టారి చేతికిచ్చి, మెడలోని తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. బోసి దవడ అందరికీ కనబడింది.

"ఇవాళ ఇలాగే కూర్చుంటా సింహాసనం మీద. చూసేవాళ్ళు చూస్తారు. నువ్వు మాత్రం నా పక్కన తలొంచుకుని నిలబడకు. భటుడు తలొంచుకుంటే రాజు దొంగలా కనబడతాడు."

"అలాగేనన్నా," అన్నాడు భటుడు, నేల చూస్తూ.