వెలుగు ఆలస్యమైన మధ్యాహ్నం

న్యూట్రాన్లు పరుగెత్తి వచ్చే పొడవాటి గొట్టం చివర, వాటిని పట్టే డిటెక్టర్ పక్కనున్న బల్ల మీద, రేపు రిటైరవబోతున్న మాస్టారు టీ కప్పు పట్టుకుని కళ్లు మూసుకు కూర్చున్నారు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న ఆమె, తెర మీది గీతను చూస్తూ మాట ఎలా మొదలుపెట్టాలా అని తటపటాయిస్తోంది.

"న్యూట్రాన్లు ఎంత తీరిగ్గా వస్తున్నాయో చూశావా అమ్మాయ్! ఇంత ఆలస్యంగా వచ్చాయంటే వాటిలో శక్తి తక్కువన్నమాట. మిగతాది వాటిని వదిలిన కేంద్రకం దాచేసుకుంది. అక్కడ ఇంతవరకూ ఎవరూ చూడని శక్తి మెట్టు ఒకటుంది. ఇన్నేళ్లూ దానికోసమే కాచుక్కూచున్నా."

"వాటితోపాటే బయల్దేరే గామా వెలుగు చూశారా మాస్టారూ?"

"దాన్ని చూసేదేముంది? పెళ్లికి అందరికంటే ముందొచ్చే మేనమామ లాంటిది. ఎప్పుడూ ఒకటే వేగం."

"ఇవాళ అది కూడా ఆలస్యంగానే వచ్చిందండీ."

ఆయన కళ్లు తెరవలేదు. గొట్టంలోంచి ఏదో పాట వినిపిస్తున్నట్టు తల కాస్త అటు వాల్చారు.

"ఎంత?"

"న్యూట్రాన్లు ఎంత ఆలస్యమో, సరిగ్గా అంతే."

"వెలుగు దారిలో ఎక్కడా ఆగదు కదమ్మా."

"ఆగదు. పొద్దున డిటెక్టర్ నుంచి సిగ్నల్ తెచ్చే కేబుల్ పాడైతే తీసేసి పొడుగుది తగిలించాం. అందులో సిగ్నల్ రావడానికి పట్టే అదనపు సమయాన్ని లెక్కలోంచి తీసెయ్యడం మర్చిపోయాం."

"అయితే ఆ మెట్టు?"

"లేదండీ."

ఆయన కళ్లు తెరిచి తెర మీది గీత వైపు చూశారు.

"సరిచేసెయ్యనా?" అంటూ ఆమె కీబోర్డు మీద చెయ్యి వేసింది.

"చేద్దువుగానిలే. ఈ టీ అయ్యేదాకా అలా ఉండనీ. వెలుగు ఆలస్యమైన రోజు మళ్లీ చూస్తానా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, తన కప్పులో కూడా నిండుగా టీ పోసుకుంది.