చివరి గాంగ్ పూర్తిగా మోగేదాకా

శ్రీ విర్యవాన్ సస్మితో గారు 2001 ఆగస్టు 6వ తేదీన ఇండోనేషియాలో యోగ్యకర్త నగరంలోని మా కార్యాలయంలో ప్రోగ్రామరుగా చేరారు. అప్పట్లో మేం తయారుచేసే మ్యూజిక్ ప్లేయర్ ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో చక్కగా పాడేది. నాట్యపాఠశాలల్లోని పాత కంప్యూటర్లలో మాత్రం క్షణక్షణానికీ తడబడేది.

ధ్వనిని కొలిచి దాచిన శాంపిళ్లను మా ప్రోగ్రాం ఒకచోటి నుంచి మరోచోటికి పదేపదే నకలు చేస్తూ యంత్రాన్ని అలసగొడుతోందని కనిపెట్టినవారు విర్యవాన్ గారే. ఆ నకళ్లు తీసివేసి, మెమరీలో వలయంలా కొన్ని పెద్ద అరలు ఏర్పరచారు. ఒక అర నిండుతూ ఉండగా, అప్పటికే నిండిన అర నేరుగా సౌండ్ కార్డుకు చేరుతుంది. పాత యంత్రాలు సైతం నిలకడగా పాడసాగాయి.

అయితే నిండిన అరలను మాత్రమే పంపడం వల్ల, పాట చివర సగమే నిండిన అర లోపలే ఉండిపోయేది. సినిమా పాటల్లో ఆ లోటు ఎవరికీ తెలియలేదు. కానీ మా నాట్యాలకు వాయించే కంచు వాద్యాల మేళం గమేలాన్‌లో, పాటను ముగించే గాంగ్ అనే పెద్ద కంచు గంట కాస్త ఆలస్యంగానే మోగుతుంది. ఆ నాదం అణిగేదాకా నర్తకులు చేతులు జోడించి కూర్చునే ఉంటారు.

తర్వాత జరిగినదాన్ని నాట్యగురువు బు పాలుపి, అంటే పాలుపి అమ్మగారు, ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. ప్రదర్శనకు ముందురోజు వారి పాఠశాలలో, విర్యవాన్ గారి ఎదుటే, సాధనకు మా ప్లేయర్‌లో పెట్టిన గమేలాన్ పాట చివరి గాంగ్ మోగకుండానే ఆగిపోయింది. పిల్లలు తలలు వంచి అలాగే కూర్చున్నారు.

"బు, గాంగ్ రాలేదు. లేవొచ్చా?" అని కినాసి అనే అమ్మాయి గొణిగింది.

"రాకుండా ఎలా లేస్తావే? కూర్చో!" అని, ఆవిడ, అందరూ పాక్, అంటే అయ్యగారు, అని పిలిచే విర్యవాన్ గారి వైపు తిరిగారు. "ఏం పాక్, మీ పెట్టెకు ఆకలేసిందా? నా గాంగ్‌నే మింగేసింది! రేపు పిల్లల అమ్మానాన్నలంతా వస్తారు. బాగుచేస్తారా, నా పాత క్యాసెట్టు పెట్టుకోమంటారా?"

"పెట్టె తప్పు కాదు బు, నాదే."

"ఎవరిదైతే ఏంటి పాక్, నా కాళ్లు తిమ్మిరెక్కాయి!" అంది కినాసి.

"లేచి టీ తాగండమ్మా. ఈసారి నేను కూర్చుంటాను," అని వారు కంప్యూటరు ముందు నేల మీదే కూర్చున్నారు. చివరి అరలోని ఖాళీని నిశ్శబ్దంతో నింపి పంపేలా, అదంతా మోగాకే ప్లేయర్ ఆగేలా మార్చారు. మర్నాడు అందరి ముందూ గాంగ్ మోగింది. అది అణిగాకే కినాసి తల ఎత్తింది.

నాటి నుంచి మా కార్యాలయంలో అదొక ఆచారమైంది: ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ఆ పాటే పెడతాం, చివరి నాదం అణిగేదాకా ఎవరమూ కుర్చీ వదలం. చేరిన కొత్తలో తొందరపడి లేవబోయిన నాతో, "కూర్చో అమ్మాయ్, అదింకా పాడుతోంది," అన్నారు వారు. వినడం నాకు ఆ మాటతోనే అలవడింది. అందుకు ఎప్పటికీ కృతజ్ఞురాలిని.

ఈ సాయంత్రం వీడ్కోలు సభలోనూ ఆ పాటే పెడుతున్నాం. పాక్ విర్యవాన్, మీ విశ్రాంత జీవితం ఆ గాంగ్ నాదంలా నిదానంగా, నిండు ఆరోగ్యంతో, చిరకాలం సాగాలి. మీరు లేచేదాకా మేమెవరమూ లేవం.