శనివారం కారు

హలో… ఆ, నేనే. నా ఫోను ఇంకెవరెత్తుతారమ్మా అఫ్రియే?

…

వినపడుతోంది. నువ్వు పనిచేసే తమాలే ఆస్పత్రిలో రోగుల మూలుగు కూడా వినపడుతోంది. చెప్పు.

… డ్రైవరా? ఆ పని నాకొదిలెయ్యమన్నానా లేదా? డ్రైవర్ని ఎంచడంలో కుమాసీ ఊరు మొత్తం మీద మీ నాన్నంతటివాడు లేడు. మనిషి కారు తలుపు తీసే తీరు చూస్తే చాలు, బ్రేకు ఎలా తొక్కుతాడో చెప్పేస్తాను.

… మొదటివాడా. వాడి సంగతి వేరు. సిగ్నల్ కనపడితే చాలు, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టేవాడు. పచ్చలైటు పడేది, ఎర్రలైటు పడేది, మళ్ళీ పచ్చలైటు పడేది, వాడింకా ఆమెన్ దాకా వచ్చేవాడు కాదు.

రెండోవాడు మరీ నెమ్మది. నెత్తిన అరటిగెల పెట్టుకున్న ఆవిడ మా కారును నడిచి దాటేసి, మన అడోమా బడి గేటు దగ్గర కూచుని సగం గెల అమ్మేసింది, మేం చేరేసరికి.

… నవ్వకు. నీ కూతురు రోజూ మొదటి పీరియడ్ పోగొట్టుకుంది.

… ఆ. మూడోవాణ్ణీ నేనే ఎంచాను.

సరే, ఒప్పుకుంటున్నాను. నేనెంచినవాళ్ళు ఒక్కడూ నిలవలేదు. ఇప్పుడున్న బెడియాకోను వీధి చివర మొక్కజొన్న కెంకీ ముద్దలు అమ్మే ఆవిడ పంపింది. వద్దన్నాను కూడా, తలుపు దబాలున వేస్తాడని. తీరా చూస్తే బంగారంలాంటి మనిషి. పిల్ల గేటు దాటి లోపలికి పోయేదాకా బండి కదల్చడు.

… శనివారాలా?

… ఎవరు చెప్పారు? ఈత మాస్టరు ఫోన్ చేశాడా.

అవునమ్మా, పిల్ల ఈతకు వెళ్ళలేదు. నా తల ప్రాణం తోకకొస్తోంది ఈ డ్రైవర్లతో. శనివారం వస్తే చాలు, ఒకడికి మేనత్త పోతుంది, ఒకడికి పెదనాన్న పోతాడు. మొన్న వీడికీ ఎవరో పోయారట. మనవాళ్ళేమో శవాన్ని నెలల తరబడి ఐసులో పెట్టి మరీ అంత్యక్రియలకు శనివారం దాకా ఆగుతారు. ఆ ఈతవాళ్ళూ క్లాసు శనివారమే పెడతారు. ఊరంతా ఒక్క రోజు మీద పడితే ఉన్న ఒక్క కారూ ఎటు పోతుంది?

… ఏ ఫోటో?

… ఓహో. అంత్యక్రియల ఫోటోలు తమాలే దాకా వస్తున్నాయన్నమాట.

… ముందు వరసలో నేనే.

… పక్కన అడోమానే.

… నెత్తి మీదా? అవి… ఈత కళ్ళద్దాలు.

ఆ, నల్లగౌను కింద ఈత బట్టలే. కొలను దగ్గర దించుదామనే బయల్దేరాం తల్లీ. దారిలో ఒక్కసారి నలుగురికీ చెయ్యి కలిపి లేచొద్దామనుకున్నాను. వంశానికి పెద్దను, పందిరి కింద కూచోబెట్టాక లేవనిస్తారా?

… ఆ. ప్రతి వారమూ అంతే.

… అరవకు, నీ చుట్టూ రోగులున్నారు.

లేదులే, బెడియాకోకు ఎవరూ పోలేదు. చావులన్నీ మనవే. వాడు పాపం ఎటు పొమ్మంటే అటు తోలాడు.

… ఈ శనివారం ఈత జట్టుకు ఎంపికా? … తప్పితే మళ్ళీ వచ్చే ఏడేనా?

… హాస్టలా? తమాలేలోనా? అక్కడ పిల్ల ఎక్కడ ఈదుతుంది, దుమ్ములోనా?

… నా దగ్గర్నుంచి తీసుకుపోతానంటున్నావు. అంతేగా.

…

నన్నూ కాస్త విను. ఈ శనివారం మాంపోంగ్‌లో మా ఫ్రెమా అక్క అంత్యక్రియలు. నేను కుర్చీలో లేకపోతే శవప్పెట్టె లేవదు.

… ట్రోట్రోలోనా? నేనా? చావుకు కట్టే ఎర్రనల్ల బట్ట భుజాన వేసుకుని, ఆ కిక్కిరిసిన వ్యానులో, కోళ్ళ బుట్టల మధ్య? దిగేటప్పుడు నడ్డి వంచి దిగాలి దాంట్లోంచి. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

చిరాకు నీకేనా? పొద్దున బడి, మధ్యాహ్నం డప్పుల క్లాసు, సాయంత్రం లెక్కల మాస్టరు, అన్నిటికీ పిల్లను తిప్పేది నేనేగా. మా రోజుల్లో బడికి నడిచే పోయాం. మధ్యలో ఏరు, ఏట్లో మొసలి, దాని వీపు మీద ఒక్క అడుగేసి ఇటునుంచి అటు…

… సరే, ఆపేశాను.

అసలు నీ అరుపులన్నీ దండగ. పొద్దున్నే బెడియాకో తేల్చేశాడు. తాళం నా చేతిలో పెట్టి, "పెద్దాయనా, ఫ్రెమా అమ్మగారు ఐసులో ఉన్నారు, మీరొచ్చేదాకా ఆగుతారు. కొలను దగ్గర పేరు పిలిచినప్పుడు పిల్ల లేకపోతే వాళ్ళు ఆగరు. శనివారం నేను తోలితే కొలనుకే తోలతాను, కాదంటే ఇంకొకణ్ణి చూసుకోండి" అన్నాడు. నా మొహం మీదే. చూడు వాడి పొగరు. వాణ్ణి పంపేసి మళ్ళీ ఆ ప్రార్థనలవాణ్ణి తెచ్చుకోమంటావా? సరేనన్నాను, ఏం చేస్తాను.

… అవును, ట్రోట్రోనే. కోళ్ళ మధ్యే.

… వాడికెందుకు ఇవ్వడం ఫోను?

… దండం పెట్టుకోవాలా? దేనికమ్మా. వాడిక్కడ లేడు.

… హారను నీకూ వినపడిందా. కారు కడుగుతున్నాడులే, చేతులు తడి.

… తుడుచుకున్నా సరే, పిలవలేను.

…

పిలవలేనంటే… వాడు అలా అనలేదమ్మా. పొద్దున్న నాకు దండం పెట్టడం తప్ప ఒక్క మాట మాట్లాడలేదు. తాళం రాత్రి నుంచీ నా జేబులోనే ఉంది. ఆ మాటలన్నీ నేనే కల్పించాను. నీకు లొంగాననే కంటే డ్రైవరుకు లొంగానంటే కాస్త పరువుగా ఉంటుందనిపించింది.

… ఏడవకు తల్లీ. పెట్టేస్తున్నాను. శనివారం కారు ఎటు తోలాలో వాడికింకా చెప్పనేలేదు.