స్కాన్‌లో కనబడనిది

"మూడు స్కాన్లూ బాగున్నాయన్నారు. మరి నా కూతురు ముప్పై అయిదు కిలోలకి పడిపోయిందేంటి డాక్టరుగారూ?" తల్లి రిపోర్టులు బల్ల మీద పరిచింది. కూతురు బయట బెంచీ మీద కడుపు పట్టుకుని కూర్చుంది.

"స్కాన్‌లో క్లోమం, అదే పాంక్రియాస్, ఆకారమే తెలుస్తుందమ్మా. పనిచేస్తోందో లేదో మలం పరీక్షలో తెలిసింది. దాని పని దాదాపు ఆగిపోయింది. తిన్న కొవ్వు అరగడం లేదు."

"అంటే, సన్నబడాలని కడుపు మాడ్చుకోవడం లేదా?"

"లేదు. తింటే నొప్పి, అందుకే తినడం లేదు."

తల్లి బయటి బెంచీ వైపు తిరిగి చూసింది.

"ఎదురుగా కూర్చుని వెన్న కుక్కి కుక్కి తినిపించానండీ. ఏడిస్తే నటించకన్నాను."

"అరగడానికి మందులున్నాయి. పిల్లని పిలవండి, చెబుదాం."

"మీరే పిలవండి. ఈమధ్య నన్ను చూస్తేనే అది నోరు బిగించేసుకుంటోంది."